మన గాలికి ఆరిన టేకు

కోర్టు హాలు మెట్లు నేను చేసినవి. రేవు ఆఫీసు పెద్ద తలుపులు నేను చేసినవి. ఒక్కో రెక్కను నలుగురు మోసుకొచ్చి నిలబెట్టారు గానీ, నిలబెట్టాక పసిపిల్ల చిటికెన వేలితో తోసినా తెరుచుకునేది. ఇప్పుడు వెళ్ళి తోసినా తెరుచుకుంటుంది. ఆడపిల్లల బడిలో బల్లలు, ఆస్పత్రిలో మందుల అలమరలు, బ్యాంకు మేనేజరు గది గోడలకు కొట్టిన పలకలు, అన్నీ మా షెడ్డులో పుట్టినవే. చేసినవాడు పల్లెటూరి బడిలో అయిదో తరగతితో ఆగిపోయినవాడు. ఆ బడికి పైకప్పు సగమే ఉండేది. వాన పడితే ఇంటికి పొమ్మనేవాళ్ళు. మా వైపు వానలు ఎక్కువ.

ఇదంతా గొప్పకి చెబుతున్నాడని ఎవరైనా అనుకుంటే, అవును, గొప్పకే చెబుతున్నాను. చేసినవాడు చెప్పుకోకపోతే తలుపు వచ్చి చెప్పదు. అయితే ఇప్పుడు రాస్తున్నది నా గురించి కాదు, మా చెల్లెలి కూతురి గురించి. నా మెట్ల మీద రోజూ జనం నడుస్తున్నారు, వాటికి నేను సాక్ష్యం పలకనక్కర్లేదు. ఈ పిల్లకు మాత్రం సాక్ష్యం చెప్పేవాడు నేను తప్ప ఇంకెవరూ లేరు.

బడిలో చదివే రోజుల్లోనే ఇళ్ళ బొమ్మలు గీసేది. పువ్వులూ పక్షులూ కాదు. మెట్లు ఎక్కడ తిరగాలి, కిటికీ ఎంత ఎత్తులో ఉంటే కూర్చున్న మనిషికి వీధి కనిపిస్తుంది, అలాంటివి. భవనాలు గీయడం నేర్పే పెద్ద యూనివర్సిటీ ఒకటుందని, అందులో సీటు కోసం ఎక్కడెక్కడి పిల్లలో కొట్టుకు చస్తారని తనే కనుక్కుంది. స్కూలు చదువు అవగానే పరీక్ష రాసింది. వెంట్రుకవాసిలో పోయింది. మా ఊరి కాలేజీ వాళ్ళు పిలిచి సీటిస్తామన్నారు. ఇది వెళ్ళనంది.

"ఒక్క ఏడు ఆగుతానమ్మా. బాగా చదివి మళ్ళీ రాస్తాను," అంది.

మా చెల్లెలు చెంగు కూడా సర్దుకోకుండా షెడ్డుకు వచ్చేసింది, కూతుర్ని వెంటబెట్టుకుని.

"అన్నయ్యా, నువ్వైనా చెప్పు. వచ్చిన సీటు కాలదన్నుకుని ఇంట్లో కూర్చుంటానంటోంది. ఇరుగూ పొరుగూ అడిగితే నేనేం చెప్పాలి?"

"ఆగుతోందని చెప్పు."

"ఆగడం కూడా ఒక చదువేనా?"

"చెక్కకి అదే చదువు," అన్నాను నవ్వుతూ.

పిల్ల నవ్వలేదు. గోడ వారన పేర్చిన పలకల వైపు చూస్తూ నిలబడింది.

ఇంట్లో ఉంటే తల్లి మొహం చూడాలి కాబట్టి పుస్తకాలు పట్టుకుని మా షెడ్డుకు రావడం మొదలెట్టింది. పొద్దున కిటికీ పక్కన కూర్చుని లెక్కలు చేసుకునేది. మధ్యాహ్నం కళ్ళు లాగితే గరుకు కాగితం తీసుకుని ఏదో ఒక కుర్చీ కాలు రుద్దేది. రెండో ఏడు మళ్ళీ పరీక్ష రాసింది. ఈసారి ఇంకాస్త దూరంలో పోయింది. ఆ పరీక్ష పిల్లలకు రెండు సార్లే. ఇక మిగిలింది పాతికేళ్ళు దాటినవాళ్ళకు పెట్టిన వేరే దారి. అందులో సీట్లు గుప్పెడు. రాతపరీక్ష లేదు. సొంతంగా ఒక నిర్మాణాన్ని ఊహించి, దాని చిన్న నమూనా చేత్తో చేసి తీసుకెళ్ళాలి. పెద్దలు దాన్ని చూసి, మనిషితో మాట్లాడి, తీసుకునేదీ లేనిదీ చెబుతారు. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ దారిలో మనిషికి ఒక్కసారే అవకాశం. కాదన్నారా, జన్మలో మళ్ళీ ఆ గుమ్మం తొక్కడానికి లేదు.

పాతికేళ్ళు నిండే దాకా ఆగక తప్పదు కాబట్టి ఆగింది. ఆ ఆగడంలోనే మా పని నేర్చింది. నేనెవరికీ ఊరికే నేర్పలేదు. నా దగ్గర నేర్చిన ముగ్గురు ఇవాళ సొంత షెడ్లు పెట్టుకున్నారు, ముగ్గురూ నా పేరు చెప్పుకునే బతుకుతున్నారు. వాళ్ళు ముగ్గురూ కలిసినా ఈ పిల్ల చెవికి సరిపోరు. చెవి అని ఎందుకంటున్నానంటే, మా పని సగం చెవితోనే. పచ్చి చెక్కతో తలుపు చేస్తే అది రేపటి రోజున వంకరపోతుంది, పగులుతుంది. అందుకే కోసిన పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో సన్న బద్దలు పెట్టి, గాలి ఆడేలా వదిలేస్తాం. కొన్నిటికి ఏడాది, కొన్నిటికి మూడు నాలుగేళ్ళు. ఆరిందో లేదో వేలి కణుపుతో తట్టి వింటాం. తడి ఉంటే మూసిన నోట్లోంచి వచ్చినట్టు మొద్దు చప్పుడు. ఆరితే ఖంగుమంటుంది. ఇది తట్టి "ఇంకా లేదు మామయ్యా" అందంటే, ఇక ఆ పలకను నేను కూడా ముట్టుకునేవాణ్ణి కాదు. దీని మాట విని కొనుగోలుదారుల్ని వెనక్కి పంపిన రోజులున్నాయి. "అమ్మాయి చెప్పిందని పెళ్ళివారి మంచం ఆపుతారా" అని ఒకాయన నా మీదికి వచ్చాడు. ఆపాను.

షెడ్డులో అందరూ దీన్ని యూనివర్సిటీ అనేవాళ్ళు. పేరు పెట్టింది పాలిష్ పని చేసే పెద్దాయన. చేతులెప్పుడూ లక్క రంగులో ఉంటాయి, నోరు మాత్రం ఖాళీగా ఉండదు.

"ఏం యూనివర్సిటీ, ఈ ఏడైనా వెళ్తున్నావా, లేక మమ్మల్నే ఉద్ధరిస్తావా?"

"నేనెళ్ళిపోతే నీ పాలిష్‌లో వెంట్రుకలు ఎవరు ఏరతారు బాబాయ్?"

"నా తల మీద లేనివి డబ్బాలోకి ఎలా వస్తాయమ్మా? అవి నీవే."

ఇలా ఉండేది. పాతికేళ్ళు వచ్చాయి. కేకు కోసి తల్లికి పెడుతూ, "ఈ ఏడు కాదులే, నమూనా ఏం చెయ్యాలో ఇంకా తేలలేదు," అంది. సరే అనుకున్నాం. మరుసటి ఏడు గీసినవన్నీ చించేసింది. ఆ పై ఏడు గీసింది బాగానే ఉంది, నేను చూశాను, బ్యాంకు పలకలు చేసిన కళ్ళతో చూశాను. అయినా పంపలేదు.

"ఎందుకే?" అన్నాను.

"ఇంకా ఆరలేదు మామయ్యా."

"గీసిన కాగితం ఆరేదేమిటి?"

"కాగితం కాదు, నేను. ఒక్కసారే కదా వెళ్ళేది. పచ్చిగా వెళ్తే అక్కడ పగుల్తాను."

పచ్చి చెక్క ఇవ్వకూడదని నూరిపోసింది నేనే, ఆ మాటలో తప్పు ఈ రోజుకీ లేదు. కానీ మనిషి పలక కాదు గదా, గోడకు ఆనించి వదిలేయడానికి. సంబంధాలు వచ్చాయి, చదువయ్యాక అంది. అలమరలు చేసే కంపెనీ నుంచి ఉద్యోగం వచ్చింది, చదువయ్యాక అంది. తోటివాళ్ళు పిల్లల్ని బడికి దిగబెట్టడానికి మా షెడ్డు ముందు నుంచే వెళ్ళేవాళ్ళు. పలకరించేవాళ్ళు, "ఇంకా ఇక్కడేనా" అని. ఇది చిత్రిక పడుతూనే తలెత్తకుండా, "ప్రస్తుతానికి," అనేది. ఆ మాట విన్నప్పుడల్లా మా చెల్లెలు పళ్ళు కొరుక్కునేది.

ముప్ఫై దాటింది. అప్పుడు యూనివర్సిటీ వాళ్ళు ఒక ప్రకటన ఇచ్చారు. పెద్దవాళ్ళ దారి ఈ ఏడాదితో ఆఖరు, వచ్చే ఏటి నుంచి ఉండదని. పాలిష్ పెద్దాయనే పేపర్లో చూసి తెచ్చాడు. ఆ రోజు ఆయన ఎకసెక్కం ఆడలేదు. పేపరు బల్ల మీద పరిచి, వేలితో చూపించి, పక్కకు వెళ్ళిపోయాడు. ఇది చదివింది. మళ్ళీ చదివింది.

"మామయ్యా, కోర్టు మెట్ల టేకు మిగిలింది ఉందిగా," అంది.

ఉంది. కోర్టు మెట్లకని తెప్పించినదాంట్లో మిగిలిన నాలుగు పలకలు. ఈ పిల్ల పుట్టక ముందు నుంచి అటక మీద ఉన్నాయి. ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. దింపాను. తట్టింది. గుడిగంట కొట్టినట్టు మోగింది. ఊరు మొత్తం వెతికినా అంతకంటే ఆరిన టేకు దొరకదు.

చిన్న గ్రంథాలయం చేసింది. రెండు చేతులు చాపితే ఇటూ అటూ పట్టుకునేంత. లోపల గుండ్రంగా తిరిగే మెట్లు, ముందు వైపు మడిచి తెరిచే ఎనిమిది తలుపులు, ప్రతి కిటికీకి కూర్చునే గట్టు. ఒక్క మేకు లేదు. ఒక్క చుక్క జిగురు లేదు. ఒక ముక్క కొన సన్నగా చెక్కి ఇంకో ముక్కలో తొలిచిన బెజ్జంలోకి దించడం, అంతే. అతుకుల మీద గోరు పెట్టి లాగాను. గోరు ఎక్కడా ఆగలేదు. నా జీవితంలో అలాంటి పని నేను ఒక్కటే చేశాను, అవి రేవు తలుపులు. అవి కూడా కొంచెం కిందే అని ఒప్పుకుంటాను, ఈ వాక్యం మా షెడ్డులో ఎవరూ చదవరనే ధైర్యంతో.

"ఇప్పుడు ఆరిందా?" అన్నాను.

"ఆరింది మామయ్యా," అంది. ఈ యూనివర్సిటీ విషయంలో పదమూడేళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి. తన గురించి అన్నదో టేకు గురించి అన్నదో నేను అడగలేదు.

నేనే వెంట వెళ్ళాను. రాత్రంతా రైలు, పొద్దున బస్సు. పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, ఒక్క క్షణం కింద పెట్టలేదు. ఆ ఊరు సముద్రానికి చాలా దూరం, ఎత్తు మీద ఉంది. చలికాలం. దిగగానే నా పెదవులు పగిలాయి. గొంతు ఎండిపోయి నీళ్ళు తాగినా తడవలేదు. చలి అనుకున్నాను. నమూనాను వాళ్ళ హాల్లో అప్పగించాలి, మూడు రోజుల తర్వాత మాట్లాడటానికి పిలుస్తారు. హాల్లో గోడల పొడుగునా వెచ్చటి గాలి కొట్టే యంత్రాలు. వందకు పైగా నమూనాలు బల్లల మీద పెట్టి ఉన్నాయి. అట్టముక్కలవి, ప్లాస్టిక్‌వి, ఏవేవో. టేకుది మాదొక్కటే. అప్పగించేటప్పుడు అక్కడి గుమాస్తా అమ్మాయి తలుపులు తెరిచి మూసి చూసి, "ఎంత బాగుందండీ" అంది. ఆ మూడు రోజులూ మా బసలో మేము రాజాల్లా కూర్చున్నాం. కోర్టు మెట్ల కథ బస యజమానికి రెండు సార్లు చెప్పాను.

నాలుగో రోజు పొద్దున్నే హాలు తలుపు తీశారు. ఇది ముందు వెళ్ళింది, నేను వెనక. బల్ల దగ్గర ఆగిపోయింది. భుజం మీదుగా చూశాను.

ప్రతి అతుకూ నోరు తెరిచింది. కిటికీ గట్ల కింద వేలు దూరేంత సందు. ఎనిమిది తలుపులూ చట్రాల్లో వేలాడుతున్నాయి. మెట్లు ఒకవైపు జారి, పై మెట్టు గోడను వదిలేసి గాల్లో ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఆ గాలి మూడు రోజులు దాన్ని పీల్చింది, అంతే. అటక మీద అన్నేళ్ళు ఉండి కూడా మా సముద్రపు తేమ దాంట్లో మిగిలే ఉందని, మా ఊళ్ళో ఎండుగా మోగేది ఇక్కడి లెక్కన తడిదేనని ఆ బల్ల దగ్గరే నాకు అర్థమైంది. నా పని ఒక్కటి కూడా ఏనాడూ నోరు తెరవలేదు. ఒక్కటి కూడా ఏనాడూ మా ఊరు దాటలేదు.

"తడి గుడ్డ," అంది ఇది. "మామయ్యా, తడి గుడ్డ కప్పితే సాయంత్రానికి కొంచెం పట్టుకుంటుంది."

కాపలా ఆయన అడ్డం వచ్చాడు. "ముట్టుకోకూడదమ్మా. అప్పగించాక ముట్టుకోకూడదు."

"నాది అండీ ఇది."

"నీదేనమ్మా. అయినా ముట్టుకోకూడదు."

అప్పుడే పిల్ల పేరు పిలిచారు. నన్ను వరండాలో కూర్చోమన్నారు. లోపల ఏం జరిగిందో తర్వాత రైల్లో అదే చెప్పింది, కిటికీలోంచి బయటికి చూస్తూ, వేరెవరికో జరిగింది చెప్పినట్టు.

ముగ్గురున్నారట. ఇన్నేళ్ళు చదువు ఆపేసి ఏం చేశారని అడిగారట.

"ఏం చెప్పావ్?"

"చెక్క ఆరబెట్టానని చెప్పాను."

"తర్వాత?"

"ముగ్గురూ తిరిగి నమూనా వైపు చూశారు."

నవ్వారా అని అడిగాను. నవ్వలేదట. వాళ్ళలో ఒక పెద్దావిడ లేచి వెళ్ళి తలుపు రెక్క పట్టుకుంటే అది ఆవిడ చేతిలోకే వచ్చేసిందట. మళ్ళీ జాగ్రత్తగా పెట్టి, "మీది సముద్రం పక్క ఊరా?" అందట. అవునంటే, "ఇక్కడి గాలి వేరమ్మా. ఇక్కడికి తెచ్చేదానికి ఇక్కడి గాలి లెక్క చూసుకోవాలి. భవనం గీసేవాళ్ళు మొదట అడగాల్సిన ప్రశ్న అది, అది ఎక్కడ నిలబడుతుందని," అందట.

"మంచిగానే చెప్పింది మామయ్యా. తిట్టినా బాగుండేది."

వాళ్ళది తప్పని నేను అనను. చట్రంలో ఊగే తలుపు పట్టుకొచ్చినవాణ్ణి నేనైతే షెడ్డులోకే రానిచ్చేవాణ్ణి కాదు. ఆ పెద్దావిడ మాట నిజం కాబట్టే దానికి మందు లేదు. ఒక్క ఏడు ముందు వెళ్ళి ఆ ఊళ్ళో ఒక్క రోజు తిరిగి వచ్చినా దీనికి తెలిసేది. పదమూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గుమ్మం చూసి రాలేదు. చూస్తే తొందరపడి లోపలికి వెళ్ళిపోతానేమోనని భయమట. ఇది కూడా రైల్లోనే చెప్పింది.

వారం తిరక్కుండా కాదన్న కబురు వచ్చింది. మా చెల్లెలు ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది.

"ఇప్పుడేం చేస్తావే?" అని మాత్రం అడిగింది. "ఊరి కాలేజీలో సాయంత్రం తరగతులున్నాయట. నీ వయసు వాళ్ళు కూడా వస్తారట."

"ఒక్క ఏడు ఆగుతానమ్మా," అంది ఇది.

నవ్వుతుందేమోనని ఇద్దరం చూశాం. నవ్వలేదు.

నమూనాను నేనే షెడ్డులో పై అర మీద పెట్టాను. వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున దుమ్ము దులుపుదామని దింపితే చేతికి బరువు తేడాగా తగిలింది. చూస్తే, సందులన్నీ మూసుకున్నాయి. మెట్లు గోడకు అంటుకున్నాయి. తలుపులు ఎనిమిదీ చెయ్యి ఆనిస్తే కదిలి, వదిలితే నిలబడుతున్నాయి. గోరు పెట్టి లాగాను. ఎక్కడా ఆగలేదు.

"అమ్మాయ్, ఇటు రా," అని పిలిచాను.

వచ్చి చూసింది. ఒక తలుపు తెరిచింది, మూసింది.

"బాగుంది," అంది. "ఎవరైనా అడిగితే అమ్మెయ్."

అమ్మలేదు. వచ్చినవాళ్ళందరూ దాని ముందు ఆగి, ఇంత పనితనం ఎవరిదండీ అని ముక్కు మీద వేలేసుకుంటారు. పాలిష్ పెద్దాయన పిల్ల వైపు చూసి చూపు తిప్పుకుంటాడు. ఇప్పుడు దీన్ని యూనివర్సిటీ అని ఎవరూ పిలవరు. ఎవరూ మానెయ్యమని చెప్పలేదు, ఆ పిలుపు దానంతటదే ఆగిపోయింది. అమ్మాయ్ అంటారు. ముప్ఫై ఒక్కటి దాటిన మనిషిని.

మొన్న ఒక హోటలాయన వచ్చాడు. ఇరవై గదులకు తలుపులు కావాలి, తొందరగా కావాలి. నిరుడు కోసిన పలకలే ఉన్నాయి మా దగ్గర. పేర్చిన దొంతరలోంచి దీని చేతే ఒకటి తీయించాను. వెనకటి రోజుల్లో అయితే తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఆయన మొహం మీదే కుదరదని చెప్పేది. ఇప్పుడు తట్టలేదు. ఎత్తి బల్ల మీద వేసి చిత్రిక అందుకుంది.

"వినవేమే?" అన్నాను.

"ఇచ్చేద్దాం మామయ్యా. ఆయన అడుగుతున్నాడుగా."

"ఆరలేదే అది."

"ఏ గాలికి?" అంది. కోపంగా అనలేదు. నిజంగా నా దగ్గర జవాబు ఉంటే చెప్పమన్నట్టు అడిగింది.

హోటలాయన మా ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. నేను దొంతరలోంచి ఇంకో పలక తీసుకుని నా కణుపుతో తట్టాను. నా చెవి ఈ మధ్య మందగించింది, మొద్దుగా పలికిందో ఖంగుమందో తేలలేదు. ఇంకోసారి తట్టాను. ఎప్పుడూ అడిగినట్టే దీని వైపు తిరిగి అడగబోయాను. అప్పటికే తల వంచుకుని చిత్రిక పడుతోంది. తడి చెక్కను చిత్రిక పడితే లేచేలాంటి పొడుగు తెల్లటి చెక్క పొరలు దాని కాళ్ళ దగ్గర పడుతున్నాయి.

పలకను మోసుకెళ్ళి దొంతరలో ఎక్కడిది అక్కడ పెట్టేశాను. హోటలాయనకు కుదరదని నేనే చెప్పాను. నలభై ఏళ్ళుగా ఈ షెడ్డులోంచి పచ్చి తలుపు బయటికి వెళ్ళలేదు, నేనున్నంత కాలం వెళ్ళదు. ఆయన వెళ్ళిపోయాక కూడా ఇది చిత్రిక ఆపలేదు. బల్ల మీద మొదలెట్టిన పలక మిగిలిపోయింది కాబట్టి దాన్నే నున్నగా పడుతూ ఉంది, ఎవరికీ అక్కర్లేని దాన్ని.